పడని ఇల్లు

మంగళవారం ఉదయం పదిన్నరకు మూడో స్టేజి మీద రాక్షసి ఒక ఇంటిని తన్నింది. ఇల్లు పడలేదు. రాక్షసి పడింది.

రాక్షసి పేరు బరూగా. కాలిపోయిన ఒక నక్షత్రం నుంచి వచ్చి, టోక్యోలో దీపాలు కనిపించిన వైపల్లా నడుస్తుంది. రబ్బరు తొడుగులో ఉండి దాన్ని నడిపించేవాడు కువబారా మోరియో. వీపు మీది జిప్పు తెరిచి అతన్ని బయటికి లాగారు. కుడి బూటు ఊడదీసి వంచితే చెమట ధార కట్టింది. చీలమండ అప్పటికే వాచిపోయింది.

"ఇల్లెందుకు పడలేదు?" అన్నాడు మోరియో. కాలు సంగతి అడగలేదు.

స్టేజి మీద వీధి వీధంతా నేలమట్టమై ఉంది. మలుపు దగ్గర ఒక్క రెండంతస్తుల ఇల్లు నిలబడి ఉంది. దాని ఎత్తు మోరియో మోకాలి దాకా వస్తుంది. మేడ మీది కిటికీలో దీపం ఇంకా వెలుగుతోంది.

ఇక్కడ ఇళ్ళు కట్టేది కూలడానికే. ప్లాస్టర్‌ను పల్చగా అచ్చు పోస్తారు. ఆరాక లోపలి వైపు రంపంతో గాట్లు పెడతారు. చెయ్యి ఆనితే చాలు, విరగాలి. ఈ పని స్టూడియోలో అందరికీ నేర్పింది నగుమో కిహేయి. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఆయన కట్టినవే. మోరియోకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే.

దర్శకుడు ఒగినో వచ్చేసరికి కిహేయి గోడవారన బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమైందని ఒగినో అడిగాడు.

"పొరపాటు," అన్నాడు కిహేయి.

"మీ చేతిలో పొరపాటు జరగడం నేనెప్పుడూ చూడలేదు నగుమోగారూ."

"ఇప్పుడు చూశారుగా."

కూలిన వీధిని మళ్ళీ కట్టడానికి వ్యవధి లేదు. స్టేజిని గురువారం సాయంత్రానికి ఖాళీ చేసి వేరే బృందానికి అప్పగించాలి. రాక్షసి వీధి దాటి నదిలోకి దిగితేనే 'ఆకాశ గస్తీ దళం' అనే టీవీ సీరియల్‌లో ఆ వారం కథ ముగుస్తుంది. రాక్షసి వీధి మధ్యలోనే కూలబడింది.

*

ఎముకల వైద్యుడు మోకాలి దాకా కట్టు కట్టి పంపాడు. ఇంటి ముందు టాక్సీ దిగిన మోరియోను భుజం పట్టి లోపలికి తీసుకొచ్చింది అతని భార్య ఇకుకో. చాపల గదిలో గోడకు ఆనించి, కాలి కింద దిండు పెట్టింది.

కిందటి నెలలో మోరియో తొడుగులో సొమ్మసిల్లి పడిపోయాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఆ రాక్షసి తోలు మళ్ళీ వేసుకోనని ఆ రోజు భార్యకు మాటిచ్చాడు.

కిహేయి చీకటి పడకముందే ఇంటికి వచ్చాడు. చేతులు కడుక్కుని తన చోట కూర్చున్నాడు. ఇకుకో అన్నం పెట్టింది, సోయా పులుసు పోసింది, ముల్లంగి ఊరగాయ పళ్ళెం ఆయన ముందుకు తోసింది. పళ్ళెం కొంచెం గట్టిగానే చప్పుడైంది.

"వైద్యుడు మంచివాడు మామయ్యా," అన్నాడు మోరియో కట్టు మీద వేలితో కొట్టి. "మీరు పోసేదీ ప్లాస్టరే, ఈయన పోసిందీ ప్లాస్టరే. ఏది పగలాలో ఏది పగలకూడదో ఈయనకు తెలుసు."

కిహేయి పులుసు తాగాడు.

"నవ్వులాటగా ఉందా?" అంది ఇకుకో. భర్తతో అంటూ తండ్రి వైపు చూసింది. "నాన్నా, ఇంకాస్త పైకి తగిలుంటే మోకాలు పోయేది. ఆ తోలులో ఎవరున్నారో నీకు తెలియదా? బయటివాళ్ళెవరో ఉన్నారనుకున్నావా?"

తెలుసని కిహేయి అన్నాడు.

"మరి గాట్లు పెట్టడం ఎలా మర్చిపోయావు?"

"మర్చిపోలేదు."

"అంటే కావాలనే పెట్టలేదా?"

కిహేయి అన్నం గిన్నె కింద పెట్టాడు. రైలు కట్ట మీద బండి వెళ్ళింది. అద్దాల తలుపు అదిరి ఆగింది.

గదిలో మాట లేకపోవడం భరించలేనివాడు మోరియో. పడ్డాక ఏం చూశాడో చెప్పడం మొదలుపెట్టాడు. రాక్షసి గొంతు దగ్గర చూపుకు ఒక చిల్లు ఉంటుంది. అందులోంచి చూస్తే ఎదురుగా ఆ ఇంటి వీధి తలుపు ఉంది. జాలీ తలుపు, అగ్గిపుల్లల్లాంటి కడ్డీలు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ గుండ్రంగా, లావుగా ఉంది. పరీక్షగా చూస్తే గరిటె కాడ. అంత చిన్న గరిటె కాడ ఎక్కడ దొరికింది మామయ్యా?"

ఇకుకో చేతిలోని అన్నం హస్తం అలాగే ఆగిపోయింది.

ఆమెకు ఆరేళ్ళప్పుడు బంతి తగిలి వీధి తలుపులో కడ్డీ విరిగింది. వాళ్ళమ్మ కొత్త కడ్డీ తేకుండా పాత గరిటె కాడ కోసి ఆ సందులో దిగ్గొట్టింది. నాలుగు రోజులకు ఇది చాలులే అంది. టోక్యోలో హోంజో పేటలోని ఆ ఇంటికి అది చివరి దాకా అలాగే ఉంది. యుద్ధం ముగిసే ఏడాది మార్చిలో విమానాలు వచ్చి హోంజోను తగలబెట్టాయి. వాళ్ళమ్మ, చంటి తమ్ముడు ఎక్కడ పోయారో తెలియలేదు. ఫోటోలు కూడా ఇంటితోపాటే పోయాయి. ఆ ఇంటి గురించి ఈ ఇంట్లో ఇరవై రెండేళ్ళుగా ఎవరూ మాట్లాడలేదు.

"నాన్నా, అది ఏ ఇల్లు?" అంది ఇకుకో.

కిహేయి లేచాడు. కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కోవడానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపటి వరకు ఆగలేదు.

*

బుధవారం మధ్యాహ్నం ఇకుకో మొదటిసారి స్టూడియో గేటు దాటింది. మోరియో చంక కర్రతో పక్కన నడిచాడు. ఆమె వచ్చింది ఒగినోతో ఒక మాట చెప్పడానికి. తన భర్త ఇక తొడుగు వేసుకోడు, వేరే మనిషిని చూసుకోండి. దారి పొడుగునా ఆ మాటలే సరిచూసుకుంది.

ఒగినో ప్రొజెక్షన్ గదిలో ఉన్నాడు. మంగళవారం తీసిన ఫిల్మ్ కడిగి తెచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళిద్దరినీ చూసి, అయిపోయాక మాట్లాడుకుందాం, కూర్చోమన్నాడు. ఇకుకో వెనక వరుసలో కూర్చుంది. దీపాలు ఆర్పారు.

తెర మీద వీధి వచ్చింది. శబ్దం లేదు.

సాయంత్రం. ఇళ్ళలో దీపాలు వెలిగించారు. ఆరేసిన బట్టలు గాలికి కదులుతున్నాయి. వీధి చివర ఆకాశం ఉండాల్సిన చోట ఒక కాలు ఉంది.

కెమెరాను మామూలుకన్నా ఎన్నో రెట్లు వేగంగా తిప్పి తీస్తారు. మామూలు వేగంతో చూపినప్పుడు పడేవన్నీ మెల్లగా పడతాయి. మెల్లగా పడేదాన్ని కన్ను బరువైందిగా లెక్కేసుకుంటుంది. ఇది గదిలో అందరికీ తెలుసు, ఇకుకోకు తెలియదు. మొదటి ఇల్లు కూలింది. కప్పు మీది పెంకులు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి, ఏ పెంకుకు ఆ పెంకు వేరేగా నేలకు దిగింది. దుమ్ము లేచి, పడటం మరిచినట్టు గాలిలో నిలిచింది. ఇకుకో ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

బరూగా మలుపు దగ్గరికి వచ్చింది. కాలు ఊపింది. కాలు ఇంటికి తగిలి ఆగింది.

ఇల్లు కదిలింది. కప్పు మీద నుంచి ఒక పెంకు జారింది. గోడ వంగి, తిరిగి నిలబడింది.

బరూగా వెనక్కి తూలింది. చేతులు చాచింది. మోకాళ్ళ మీదికి వచ్చింది, తర్వాత అరచేతుల మీదికి. తల దిగుతూ దిగుతూ వచ్చి మేడ కిటికీ ఎదురుగా ఆగింది. దాని గాజు కంటిలో కిటికీ దీపం కనిపించింది. అది లోపలికి చూస్తోంది. ఎన్నో వీధులు తొక్కుకుంటూ వచ్చిన రాక్షసి ఒక ఇంటి ముందు మోకరించి, కిటికీలోంచి చూస్తోంది.

తర్వాత మనుషుల కాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చాయి. తెర తెల్లబడింది.

లైట్ల మనిషి సిగరెట్ కోసం గీసిన అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలింది. విదిలించాడు.

"అది నేనేనా?" అన్నాడు మోరియో.

"మళ్ళీ వెయ్యండి," అన్నాడు ఒగినో.

మళ్ళీ వేశారు. ఆ తర్వాత ఇంకోసారి వేశారు. ఇకుకో చెప్పడానికి వచ్చిన మాట చెప్పలేదు. ఇల్లు చూడాలని అడిగింది.

*

మూడో స్టేజి మీద కిహేయి శిథిలాలు ఊడుస్తున్నాడు. కూతురిని చూసి చీపురు ఆపాడు. ఆమె చెప్పులు విడిచి, ప్లాస్టర్ పొడి మీద నడిచి, మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. ముందురోజు రాక్షసి మోకరించింది సరిగ్గా అక్కడే.

వీధి తలుపులో గరిటె కాడ ఉంది. చూరు కింద నిప్పంటుకుంటే ఆర్పడానికి నీళ్ళు పెట్టుకునే తొట్టి ఉంది. దాని మూత మీద బోర్లించిన బొక్కెన ఉంది. ఆమె వంగి కింది కిటికీలోంచి చూసింది. లోపల పొయ్యి, అలమర, అలమరలో గిన్నెలు. కెమెరా ఎన్నడూ చూడని చోటు అది. స్టేజి మీద కట్టే ఏ ఇంటికీ లోపల ఏమీ ఉండదు.

ఆమె చాలాసేపు లేవలేదు. లేవకుండానే మాట్లాడింది.

"మెట్లు ఎడమవైపు పెట్టావు."

"ఎడమవైపే."

"కుడి నాన్నా. పొయ్యి దగ్గర అమ్మ ఉంటే, తన వెనక నుంచి నేను మేడ ఎక్కేదాన్ని. ఎడమవైపైతే ఎదురుగా కనబడిపోనూ?"

కిహేయి ఆలోచించాడు. ఎడమవైపే అని ఇంకోసారి అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

"కట్టేటప్పుడు నన్నెందుకు పిలవలేదు?"

"కూల్చడానికి కట్టింది నీకెందుకు చూపించాలి?"

"మరి కూలలేదుగా."

కిహేయి చీపురు గోడకు ఆనించాడు. చొక్కా అంచుతో చేతులు తుడుచుకున్నాడు.

"మిగతావన్నీ అచ్చు పోశాను. దీనికి చెయ్యి రాలేదు. వెదురు తడక అల్లాను. మట్టి మెత్తాను. ఆరాక సున్నం పూశాను. గోడ అంటే అలాగే కడతారు. ఆ గోడలు పెళ్ళయిన కొత్తలో నేనే కట్టాను. ఇంకోలా కట్టడం రాలేదు."

వెదురు తడక గోడ పగలదు, వంగి లేస్తుంది. ముందురోజు ఉదయం జరిగింది అదే.

వెనక నిలబడి ఇదంతా విన్న ఒగినో కాసేపు ఆగి ముందుకు వచ్చాడు. కథ మారుస్తానన్నాడు. రాక్షసి నదిలోకి పోదు, ఈ ఇంటి ముందే ఆగుతుంది. ఇంకా రెండు షాట్లు కావాలి. ఒకటి ఇంటి లోపలి నుంచి తీయాలి. కిటికీ నిండా రాక్షసి కన్ను కనబడాలి. అందుకు వెనక గోడ కోసి కెమెరా పెట్టాలి. రెండోది చివరిది. రాక్షసి తల వెనక్కి తీసుకుంటుంది, అప్పుడు ఇల్లు దానంతట అదే కూలుతుంది.

"కూలడమెందుకు?" అంది ఇకుకో.

కూలకపోతే కథ పూర్తి కాదని ఒగినో అన్నాడు. నిలబడ్డ ఇంటిని చూసి పిల్లలు ఊపిరి పీల్చుకుని నిద్రపోతారు, కూలితే మర్చిపోరు.

"మాకిచ్చెయ్యండి. మా అమ్మ ఇల్లు అది. ఇంకెక్కడా లేదు."

ఒగినో తల వంచాడు. కిహేయి వైపు చూశాడు.

"కూలాలి," అన్నాడు కిహేయి.

ఇకుకో తండ్రి వైపు తిరిగింది. మోరియో కర్ర మీద బరువు మార్చుకున్నాడు.

"ఆ రోజు నేను యుద్ధ పని మీద చిబా రేవులో మట్టి మోస్తున్నాను," అన్నాడు కిహేయి. "నిన్ను అప్పటికే బడి పిల్లలతో కొండల్లోకి పంపేశారు. వచ్చేసరికి నేల చదునుగా ఉంది. అది ఎలా పడిందో మనిద్దరిలో ఎవరం చూడలేదు. నాకు చూడాలని ఉంది. అందుకే కట్టాను."

"నాకు చూడాలని లేదు," అంది ఇకుకో.

*

గురువారం మధ్యాహ్నం మోరియో స్టూలు మీద కూర్చుని రాక్షసి తల, మెడ మాత్రం తొడుక్కున్నాడు. కట్టు కట్టిన కాలు ఇంకో స్టూలు మీద చాచాడు. చూడటానికి కాలెందుకని ఉదయం భార్యతో అన్నాడు. తన భర్త కాలు కాపలా కాయడానికే వచ్చానని ఇకుకో ఒగినోతో అంది. వద్దని మాత్రం అనలేదు.

కన్ను షాట్ మొదటిసారికే వచ్చింది. కెమెరాను ఇంటి వెనక నుంచి తీసి ముందు వైపు పెట్టారు. ఇంకా రెండు రీళ్ళే మిగిలాయని కెమెరామన్ చెప్పాడు. కెమెరా ఆ వేగంతో తిరిగితే ఒక రీలు చూస్తుండగానే అయిపోతుంది.

ఇంటి నాలుగు మూలల స్తంభాలను ఉదయమే కిహేయి రంపంతో కోశాడు. దూలానికి పియానోలో వాడే సన్నటి ఉక్కు తీగ కట్టాడు. తీగ రెండో కొస ఆకాశం గీసిన తెర వెనక్కి వెళ్ళింది. అక్కడ కూర్చున్నవాళ్ళు కేక వినగానే లాగాలి. లాగేవాళ్ళకు ఇంటి ముందు భాగం కనబడదు. ఇన్నేళ్ళుగా స్టేజి మీద తీగ లాగేది కిహేయే. తాను లాగి కూల్చిన ఒక్క ఇల్లూ పడటం ఆయన కళ్ళారా చూడలేదు.

ఆయన కూతురి దగ్గరికి వచ్చాడు.

"నేను లాగితే చూడలేను," అన్నాడు.

ఇకుకోకు అర్థమైంది. ఇంకెవరికైనా ఇవ్వమంది.

"ఇంకెవరికిస్తాను?"

తీగ కొసను గుడ్డపేలికతో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. వెళ్ళి కెమెరా పక్కన నేల మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఇకుకో తెర వెనక్కి వెళ్ళింది. అక్కడి నుంచి ఇంటి వెనక గోడ కనబడుతుంది. కెమెరా కోసం కోసిన చోట లోపలంతా తెరిచి ఉంది. పొయ్యి, అలమర, గిన్నెలు. మెట్లు ఇప్పుడు ఆమె చెప్పిన వైపు ఉన్నాయి. అవి నిన్నటి దాకా ఉన్న గోడ మీద కొత్తగా పూసిన సున్నం ఇంకా తడి ఆరలేదు.

ఒగినో నిశ్శబ్దం అన్నాడు. దీపాలు తగ్గించారు. మేడ కిటికీలో దీపం వెలిగించారు. కెమెరా తిరగడం మొదలైంది.

రాక్షసి కిటికీ ముందు తల పెట్టి నిలిచింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"లాగండి," అన్నాడు ఒగినో.

కెమెరా తిరుగుతోంది. కిహేయి రెప్ప వేయలేదు.

"లాగండి," అన్నాడు ఒగినో మళ్ళీ.

కెమెరాలో ఫిల్మ్ కొస టపటపా కొట్టుకుంది. రీలు అయిపోయింది. ఇల్లు నిలబడి ఉంది.

కెమెరామన్ మూత తెరిచి మిగిలిన రీలు ఎక్కించాడు. తీగ కొస ఇంకా ఇకుకో చేతిలోనే ఉంది.